విదేశంలో వేసవి మకాం: కుక్కతో రోజు గడిచే తీరు

కుక్కను వెంటబెట్టుకుని రెండు మూడు నెలలు వేరే దేశంలో ఉండటానికి వెళ్లేవాళ్లు నెలల ముందు నుంచే కాగితాల గురించి కంగారు పడతారు. చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్, టీకా, సర్టిఫికెట్, విమానంలో పెట్టె... ఇవన్నీ ఒకసారి చేస్తే తీరిపోయే పనులు. అసలు పని దిగాక మొదలవుతుంది. అక్కడి ఎండ, అక్కడి నేల, అక్కడి పురుగులు, అన్నీ కుక్కకు కొత్తే. సెలవులు మనకే, దానికి కాదు. ఎన్నింటికి నడవాలో, ఎప్పుడు తినాలో, ఏ గదిలో పడుకోవాలో ఎండను బట్టి తేలాలి. మన తిరుగుళ్లు ఆ లెక్కలో సర్దుకోవాలి. ఈ ఒక్కటి మొదటి రోజే ఒప్పుకుంటే మిగతావి చాలావరకు తేలికవుతాయి.

అద్దె ఇంట్లోకి అడుగు పెట్టగానే లీష్ విప్పకండి. కుక్కను ఒక గదిలో ఉంచి ఇల్లంతా మోకాళ్ల ఎత్తు నుంచి ఒకసారి చూసి రండి. బాల్కనీ కమ్మీల మధ్య దాని తల దూరుతుందంటే ఒళ్లు కూడా దూరుతుందనే అనుకోవాలి. చాలా దేశాల్లో కిటికీలకు ఊచలుండవు, నేల నుంచి రెండడుగుల ఎత్తులోనే రెక్కలు పూర్తిగా తెరుచుకుంటాయి. పిట్ట కనబడితే పై అంతస్తు నుంచైనా దూకే కుక్కలున్నాయి. కిటికీ కింద మంచం, సోఫా ఉంటే జరిపేయండి. మూలల్లో, సింక్ కింద ఎలుకల మందు, చీమల మందు, నత్తల మందు పెట్టి ఉన్నాయేమో వెతకండి. ముందున్న అద్దెదారు పెట్టి మరిచిపోయి ఉండవచ్చు.

కుక్కలు తప్పిపోయే ప్రమాదం మొదటి వారంలోనే ఎక్కువ. వాసనలన్నీ కొత్తవి, ఇల్లు ఎటో దానికింకా తెలియదు. పెట్టెలు లోపలికి తెచ్చేటప్పుడు తలుపు బార్లా తెరిచి ఉంటుంది, అది జారుకునేది అప్పుడే. తలుపు తీసే ముందు లీష్ చేతిలో ఉండాలన్న నియమం ఇంట్లో అందరికీ చెప్పండి. చిప్‌లో మీ పేరూ ఫోన్ నంబరూ ఉండవు. 15 అంకెల సంఖ్య ఒక్కటే ఉంటుంది. ఆ సంఖ్యను నమోదు చేసిన రిజిస్ట్రీలో మీ ఇప్పటి నంబరు లేకపోతే, ఎవరైనా చిప్ చదివినా మీ దాకా చేరలేరు. బయలుదేరే ముందే అది సరిచేయించి, మెడ పట్టీకి బిళ్ల కూడా కట్టండి. దాని మీద దేశం కోడ్‌తో సహా అక్కడ పనిచేసే ఫోన్ నంబరు చెక్కించండి. ట్రాకర్ వాడేవాళ్లు అందులోని సిమ్ ఆ దేశంలో పనిచేస్తుందో లేదో ముందే కనుక్కోవాలి.

ఇక ఎండ సంగతి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్లలో కాస్త పడుతుంది, దాంతో ఒళ్లు చల్లబడదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ నోటిలోని తడిని ఆవిరి చేయడమే దానికున్న ప్రధాన మార్గం. గాలిలో తేమ ఎక్కువైతే ఆ ఆవిరి కావడమే తగ్గిపోతుంది. అందుకే సముద్రం ఒడ్డున 30 డిగ్రీల ఉక్కపోత సాయంత్రం, పొడి ప్రాంతంలో 34 డిగ్రీల పూట కంటే ప్రమాదకరం కావచ్చు. ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు డిగ్రీల పక్కన తేమ శాతం కూడా చూడండి. పగ్, బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు గాలి దారే ఇరుకు. ముసలివి, లావెక్కినవి, గుండె జబ్బున్నవి కూడా అదే కోవలోకి వస్తాయి. వీటికి 25 డిగ్రీల మధ్యాహ్నం కూడా పరుగులకు తగినది కాదు. చలి దేశం నుంచి వచ్చిన కుక్క ఒళ్లు కొత్త ఎండకు కాస్తయినా అలవాటు పడటానికి కనీసం రెండు వారాలు పడుతుంది. దిగిన మర్నాడే కొండెక్కించడం దాన్ని కష్టపెట్టడమే.

గడియారం విషయంలో మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఒకచోట. ఉత్తరాన ఉన్న దేశాల్లో వేసవిలో రాత్రి తొమ్మిది, పదింటి దాకా వెలుతురుంటుంది. పైగా గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు కాబట్టి రోజులో అతి వేడి సమయం సాయంత్రం నాలుగు, ఆరు మధ్యకు వచ్చి పడుతుంది. ‘సాయంత్రం ఆరయింది, నడకకు వెళ్దాం’ అనే అలవాటు అక్కడ చెల్లదు. తారు, రాళ్లు, గోడలు పగలంతా పీల్చిన వేడిని చీకటి పడ్డాక కూడా వదులుతూనే ఉంటాయి. నేల నిజంగా చల్లగా ఉండేది తెల్లవారుజామున. కాబట్టి పొడుగు నడక పొద్దున్నే పెట్టండి, సూర్యుడు వచ్చిన గంటలోపు ముగించండి. రాత్రిది కాలకృత్యాలకూ వాసనలు చూసుకోవడానికీ సరిపోయేంత చిన్నది చాలు. మధ్యాహ్నం తప్పనిసరిగా బయటికి తీయాల్సి వస్తే నీడలో, మట్టి మీదో గడ్డి మీదో అయిదు నిమిషాలు. అంతకు మించి వద్దు.

గాలి 25 డిగ్రీలున్న రోజున కూడా ఎండలో కాగిన తారు రోడ్డు 50 డిగ్రీలు దాటగలదు. చేతి వెనక భాగాన్ని నేల మీద ఏడు సెకన్లు ఆనించండి. మీరు ఆగలేకపోతే దాని పాదాలూ ఆగలేవు. అరికాలి మెత్తలు కాలిన కుక్క వెంటనే కుంటదు. ఇంటికొచ్చాక అదే పనిగా పాదాలు నాకుతుంది, మర్నాడు పొక్కులు లేస్తాయి, పై పొర ఊడివస్తుంది. అలాంటప్పుడు చల్లటి కుళాయి నీళ్ల కింద 10 నిమిషాలకు తగ్గకుండా పట్టి, నాకకుండా చూసి, డాక్టరుకు చూపించాలి. బూట్లు వేస్తే ఆ కాస్త చెమటకూ దారి ఉండదు. అవి వేడి రోడ్డు దాటేంత సేపటికే.

ఇంట్లో ఏసీ లేకపోతే కంగారు పడక్కర్లేదు గానీ క్రమం తప్పకూడదు. పొద్దున నడక నుంచి రాగానే ఎండ పడే వైపు కిటికీలు, తెరలు మూసేయండి. రాత్రి బయటి గాలి లోపలి కంటే చల్లబడ్డాక అన్నీ తెరవండి. పగలు కిటికీ తెరిస్తే గాలి వస్తుందనుకుంటాం, వచ్చేది వేడి. ఫ్యాన్ మనకు ఇచ్చినంత ఉపశమనం పొడి ఒంటి కుక్కకు ఇవ్వదు, ఆరడానికి దానికి చెమట లేదు. పొట్ట, తొడల లోపలి వైపు, పాదాలు తడిపి ఆ తర్వాత ఫ్యాన్ ముందు పడుకోబెడితే తేడా కనిపిస్తుంది. మెత్తటి పరుపు తీసేసి టైల్స్ నేల వదిలిపెట్టండి. బాత్‌రూమ్ గచ్చు మీద సాగిలపడి పడుకుంటే లేపకండి, తనకు కావలసిన చోటు అదే వెతుక్కుంది. రెండు పొరల బొచ్చున్న జాతులకు గుండు గీయించకండి. పై పొర ఎండను కొంత ఆపుతుంది. లోపలి నూగును దువ్వి తీస్తే చాలు, గాలి చర్మాన్ని తాకుతుంది.

ఆపి ఉంచిన కారులో కుక్కను వదలకూడదన్నది అందరూ విన్నదే. ఎందుకో అంకెలతో చెబుతాను. బయట 22 డిగ్రీలే ఉన్నా గంటలో లోపల 47 దాకా వెళ్లగలదు. అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే పెరుగుతుంది. అద్దాలు రెండు వేళ్లంత దించినా ఒరిగేది చాలా తక్కువ. దుకాణంలోకి ఒక్క నిమిషం వెళ్లొస్తానన్న మాట అక్కడ లైను చూడకముందు అనేది.

వడదెబ్బ ఎలా మొదలవుతుందో తెలిసి ఉండాలి. నీడలోకి వచ్చి పది నిమిషాలైనా రొప్పడం ఆగదు. నాలుక బాగా బయటికి వేలాడి ముదురెరుపు తిరుగుతుంది. చొంగ చిక్కబడి తీగలు సాగుతుంది. పిలిస్తే ఆలస్యంగా చూస్తుంది, నడకలో తూలుతుంది. తర్వాత వాంతి, విరేచనం, కూలబడటం. కుక్క మామూలు ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీలు. 41 దగ్గరికి వచ్చిందంటే ప్రాణాపాయం. ముందు చల్లబరచాలి, తర్వాతే ఆసుపత్రికి. ఈ వరుస తారుమారు చేసి కారెక్కించి పరుగెత్తితే దారిలో పోయే 20 నిమిషాలే దాని ప్రాణం తీస్తాయి.

నీడలోకి లాగి, దొరికిన నీళ్లు పోయండి. దాని ఒంటి కంటే చల్లగా ఉంటే ఏ నీళ్లయినా పనికొస్తాయి. చంకలు, పొట్ట, తొడల లోపల, మెడ... ఆపకుండా పోస్తూ ఎవరినైనా అట్టతో విసరమనండి. వయసులో ఉన్న ఆరోగ్యమైన కుక్కయితే తల పైకి పట్టుకుని తొట్టిలో కూర్చోబెట్టవచ్చు. తడి తువ్వాలు కప్పి వదిలేయడం మాత్రం పొరపాటు. రెండు నిమిషాల్లో అది వేడెక్కి దుప్పటిలా పనిచేస్తుంది. చల్లటి నీళ్లు పోస్తే రక్తనాళాలు ముడుచుకుపోతాయన్న పాత మాట ఇప్పటికీ చెబుతుంటారు. ఆ భయంతో ఆగకండి, ఆలస్యమే ఎక్కువ హాని చేస్తుంది. స్పృహలో ఉంటే కొద్దికొద్దిగా తాగనివ్వండి, నోట్లో పోయకండి. ఆసనంలో డిజిటల్ థర్మామీటరు పెట్టి చూసి 39.5కి దిగగానే నీళ్లు ఆపేయండి, లేకపోతే మరీ చల్లబడిపోతుంది. లేచి తోక ఊపినా సరే, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. కిడ్నీలకూ రక్తం గడ్డకట్టే గుణానికీ తగిలిన దెబ్బ కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి గానీ బయటపడదు. అందుకే దిగిన రోజే 24 గంటలూ తెరిచి ఉండే దగ్గరి ఆసుపత్రి నంబరు, దారి, కుక్క బరువు రాసి తలుపు వెనక అంటించాలి. అది వాడే మందుల పేర్లు బ్రాండ్‌తో కాక లోపలి మందు పేరుతో రాసుకోండి. బ్రాండ్లు దేశానికొకలా మారతాయి.

నీళ్లు రోజుకు కిలో బరువుకు సుమారు 50–60 మిల్లీలీటర్లు. పది కిలోల కుక్కకు అరలీటరు పైచిలుకు, ఎండలో ఇంకా ఎక్కువ. పొద్దున కొలిచి పోస్తే సాయంత్రానికి ఎంత తాగిందో తెలుస్తుంది. కొత్త ఊరి నీళ్లలో క్లోరిన్ వాసనకు కొన్ని కుక్కలు మూతి పెట్టవు. నీళ్లు వెడల్పు గిన్నెలో కొన్ని గంటలు తెరిచి ఉంచి, తను ఇంట్లో వాడే గిన్నెలోనే పోసి పెట్టండి. చిగుళ్లు తడిగా ఉన్నాయా అని రోజూ ఒకసారి వేలితో చూడండి. నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. చిగుళ్లు అంటుకుంటున్నట్టు జిగటగా ఉంటే నీళ్లు తక్కువైనట్టు.

తిండి దగ్గర ఒక చిక్కు ఉంది. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు చాలావరకు మాంసం, పాలతో చేసిన కుక్క తిండిని తీసుకురాకూడదు. వైద్య కారణాల మీద ఇచ్చే ప్రత్యేక ఆహారానికి మాత్రం రెండు కిలోల దాకా వెసులుబాటు ఉంది. కాబట్టి వెళ్లిన చోట దొరికే రకానికి బయలుదేరక ముందే మార్చేయడం మేలు. మొదటి రెండు రోజులు పావు వంతు కొత్తది, తర్వాత రెండు రోజులు సగం, ఆపైన ముప్పావు, వారానికి పూర్తిగా. దిగాక ఒక్కరోజులో మార్చితే విరేచనాలు పట్టుకుంటాయి. అప్పుడు ఆ జబ్బు నీళ్ల వల్లా, తిండి వల్లా, ప్రయాణ బడలిక వల్లా తెలియక అందరూ తికమక పడతారు. రెండు పూటలా చల్లటి వేళల్లోనే పెట్టండి, తిన్న వెంటనే పరుగులు పెట్టించకండి. ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ వద్దన్నది తెలిసిందే. బల్ల మీద పడి ఉండే చక్కెర లేని చూయింగ్ గమ్ మాత్రం చాలామంది పట్టించుకోరు. అందులో తీపి కోసం కలిపే జైలిటాల్ ఉంటే అరగంట, గంటలో రక్తంలో చక్కెర పడిపోతుంది.

నడక నుంచి వచ్చాక పది నిమిషాలు దాని ఒళ్లు చూడాలి. తలుపు దగ్గరే, వెలుతురులో, వేళ్లతో. ముందు చెవుల లోపల, చెవి మడతల్లో. తర్వాత కనురెప్పల చుట్టూ, పెదవుల కింద, మెడ పట్టీ తీసి దాని కింద. చంకలు, గజ్జలు, తోక మొదలు. చివర నాలుగు పాదాలూ, వేళ్ల సందులు ఒక్కొక్కటీ విడదీసి. పెసరగింజంత గట్టి బొడిపె వేలికి తగిలితే బొచ్చు పాయ తీసి చూడండి. కాళ్లు కదిలితే అది పిడుదు, గోమారి అని కూడా అంటారు. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి తల దగ్గర పట్టుకుని నిలువుగా, నెమ్మదిగా లాగండి. పిడుదు ఒంటిని నొక్కితే లోపలి రసం కుక్క రక్తంలోకి పోతుంది. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం కూడా అదే చేస్తాయి. పీకిన తేదీ రాసి పెట్టుకోండి. తర్వాతి మూడు వారాల్లో జ్వరం, తిండి మానడం, పాలిపోయిన చిగుళ్లు, కాఫీ రంగు మూత్రం కనబడితే ఆ తేదీ డాక్టరుకు చాలా అవసరం.

అదే తనిఖీలో దొరికే మరో శత్రువు ఎండుగడ్డి ముల్లు. గోధుమ వెన్ను మీద మీసంలా, వెనక్కి తిరిగిన నూగుతో ఉంటుంది. అందుకే ముందుకే పోతుంది గానీ వెనక్కి రాదు. వేళ్ల మధ్య దూరితే రెండు రోజులకు ఎర్రటి పుండు తేలి చీము కారుతుంది. నడక మధ్యలో కుక్క ఉన్నట్టుండి ఆగకుండా తుమ్మడం మొదలుపెట్టినా, ఒక పక్కకు తల వంచి విదిలించినా ముల్లు ముక్కులోనో చెవిలోనో పడ్డట్టే. పైకి కనిపిస్తే తీయండి, కనిపించకపోతే అదే రోజు డాక్టరు దగ్గరికి. బొచ్చు కుక్కలకు వేసవి అంతా వేళ్ల సందుల్లో బొచ్చు కురచగా కత్తిరించి ఉంచితే ఈ బాధ సగం తగ్గుతుంది.

మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాల్లో ఉండేవాళ్లకు ఇసుక ఈగల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. లీష్మేనియా అనే పరాన్నజీవి జబ్బును మోసేవి ఇవే. దోమ కంటే చిన్నవి, చప్పుడు చేయవు, పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారే దాకా కుడతాయి. పిడుదులకు నెలకో మూడు నెలలకో ఒకసారి వేసే మాత్రలు కుట్టాకే పనిచేస్తాయి, ఈగను దగ్గరికి రాకుండా ఆపవు. పురుగులను దూరం ఉంచే డెల్టామెత్రిన్ మందున్న మెడ పట్టీ, లేదా అలాంటిదే పెర్మెత్రిన్ ఉన్న, మెడ మీద వేసే చుక్కల మందు కావాలి. పట్టీ పూర్తిగా పనిచేయడానికి వారం పడుతుంది, ప్రయాణం రోజున కడితే ఆలస్యమే. ఇంట్లో పిల్లి ఉంటే పెర్మెత్రిన్ జోలికి వెళ్లకండి, పిల్లులకు అది విషం. చుక్కల మందు వేసే ముందూ తర్వాతా రెండేసి రోజులు ఈతలు, స్నానాలు ఆపాలి. కుక్కను రాత్రి ఇంట్లోనే పడుకోబెట్టండి. దోమలు మోసే గుండె పురుగుకు నెలనెలా మందు ఉంది. ఇంటికి తిరిగొచ్చాక కూడా ఎన్ని నెలలు కొనసాగించాలో డాక్టరును అడిగి అన్నీ పూర్తి చేయాలి. రాగానే ఆపేయడం చాలామంది చేసే తప్పు.

సముద్రంలో ఆడనివ్వడం మంచిదే, ఉప్పునీళ్లు తాగనివ్వడం కాదు. పావుగంటకోసారి మంచినీళ్లు పట్టండి. తడి బంతికి అంటిన ఇసుక ప్రతి విసురుకీ కాస్త కాస్త కడుపులోకి పోయి పేగులో గట్టిపడుతుంది, ఇసుకలో బంతి కంటే నీళ్లలో తేలే బొమ్మ నయం. తిరిగొచ్చాక మంచినీళ్లతో కడిగి పట్టీ తీసి ఆరబెట్టండి. పట్టీ కింద తడి నిలిస్తే ఒక్క రాత్రిలో చర్మం చిమిడి పుండు పడుతుంది. కదలని చెరువు నీళ్ల మీద పచ్చటి పెయింట్ పోసినట్టు తెట్టె ఉంటే దగ్గరికే వద్దు. ఆ నాచులో కొన్ని రకాల విషం గంటల్లో కాలేయాన్నీ నరాలనూ దెబ్బతీస్తుంది. ఒంటి మీద పడితే నాకక ముందే కడిగేయాలి.

రైళ్లు, బస్సుల నియమాలు దేశానికొకలా ఉంటాయి. జర్మన్ రైళ్లలో పెంపుడు పిల్లి కంటే పెద్ద కుక్కకు టికెట్, లీష్, మూతికి బుట్ట కావాలి. వేసవిలో గుడ్డతో బిగించే రకం అసలు వాడకండి, నోరు తెరవలేక రొప్పలేదు. నోరు పూర్తిగా తెరిచి నీళ్లు తాగగలిగే బుట్ట రకం కొని, వెళ్లే ముందు రెండు మూడు వారాలు ఇంట్లో అందులో తిండి పెట్టి అలవాటు చేయండి. చాలా బీచ్‌లలో వేసవి పగటి వేళ కుక్కలను రానివ్వరు. మనం వెళ్లాల్సింది ఎలాగూ తెల్లవారుజామునే కాబట్టి బాధ లేదు.

ఇంట్లో ఒంటరిగా వదలడం కొత్తలో వద్దు. మొదట తలుపు వేసి అయిదు నిమిషాలు మెట్ల మీద నిలబడి వినండి, తర్వాత పావుగంట, అరగంట. పలచటి గోడల ఇళ్లలో అరుపు మూడిళ్ల అవతలికి పోతుంది.

తిరుగు ప్రయాణానికి రెండు తేదీలు ముందే క్యాలెండర్‌లో వేసుకోవాలి. బ్రిటన్, ఐర్లాండ్, ఫిన్లాండ్, మాల్టా, నార్వేలలోకి అడుగుపెట్టాలంటే చేరడానికి 24 నుంచి 120 గంటల ముందు డాక్టరు చేతుల మీదుగా బద్దెపురుగు (టేప్‌వార్మ్) మందు వేయించి కాగితంలో సమయంతో సహా రాయించాలి. యూరప్‌లో ఉండే కుక్కను రేబిస్ విషయంలో యూరోపియన్ యూనియన్ జాబితాలో లేని దేశానికి తీసుకెళ్తుంటే రక్తపరీక్ష వెళ్లకముందే చేయించి కుక్క పాస్‌పోర్టులో ఎక్కించాలి. టీకా వేసిన 30 రోజుల తర్వాత తీసిన రక్తంలో రేబిస్‌ను ఎదుర్కొనే యాంటీబాడీలు మిల్లీలీటరుకు 0.5 యూనిట్లకు తగ్గకూడదు. అక్కడికి వెళ్లాక చేయిస్తే, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాల్సి వస్తుంది.

ఇల్లు చేరాక మీ డాక్టరుకు కుక్క ఏ దేశంలో, ఏ నెలల్లో ఉందో చెప్పి దాని ఫైలులో రాయించండి. లీష్మేనియా నెలలకు, ఒక్కోసారి ఏళ్లకు బయటపడుతుంది. గుండె పురుగు ఉందో లేదో రక్తపరీక్షలో తేలాలంటే కనీసం ఆరు నెలలు దాటాలి. వచ్చే ఏడాది ఎప్పుడో బరువు తగ్గుతున్నా, గోళ్లు విపరీతంగా పెరుగుతున్నా, కళ్ల చుట్టూ బొచ్చు రాలుతున్నా ఆ ఒక్క వాక్యం చూసి డాక్టరు సరైన పరీక్ష ముందే రాస్తారు.